మా ఇంటి మంత్రి

సుభద్ర నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను చింతపండు పిసుకుతున్నాను. చెయ్యి కడుక్కుని ఎత్తేలోపు ఆగిపోయి మళ్ళీ మోగింది. "ఆండాళ్ళూ, నేను సుభద్రని. బాబాయిగారు పోయారని నిన్ననే తెలిసింది. ఎల్లుండి హైదరాబాదు వస్తున్నా, ఒకసారి మీ ఇంటికి రావచ్చా?" అంది. నా పేరు అండాలు. పుట్టినప్పటి నుంచీ అండాలునే. నల్లగొండ వైపు ఏ ఊరికి పోయినా నలుగురైదుగురు అండాలులు ఉంటారు, ఒక్కరూ ఆండాళ్ళు కారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈమె నా పేరును తనకు నచ్చినట్టు సాగదీసుకుంటోంది, పైగా మా నాయన ఆమెకు బాబాయిగారు! "రా, రాకేంది" అన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే పిప్పి తీసేసిన చింతపండు పులుసునే మళ్ళీ పిసుకుతున్నాను. అరవై దాటినదాన్ని, మనవరాలు ఉన్నదాన్ని, పుస్తకాలు రాసి నలుగురిచేత అమ్మా అనిపించుకుంటున్నదాన్ని. అయినా ఆ గొంతు వినగానే చిన్నప్పటిలాగే కళ్ళలో నిప్పులు పోసుకున్నాను.

మా నాయన శాసనసభ్యుడు. ఒక్కసారే గెలిచాడు, అదీ ప్రతిపక్షంలో. ఆయన నియోజకవర్గం నల్లగొండ వైపు. మేము మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్ళం. సభ్యులకు ఊరి నడుమ సర్కారు ఇళ్ళు ఇస్తారు, నాయన పోలేదు. "నా జనం బస్సు దిగేది ఈడ. ఆడికి పోతే పాపం ఇంకో బస్సు ఎక్కాలె" అనేవాడు. ఇప్పుడు ఆ ఇంటి జాగాలో ఆడపిల్లల హాస్టలు లేచింది. మెట్రోలో పోతుంటే బాల్కనీల నిండా ఆరేసిన చున్నీలు కనిపిస్తాయి, ఆ పిల్లలంతా ఏవేవో పరీక్షలకు కోచింగు తీసుకుంటున్నారట. మా కాలంలో అక్కడ ఎర్రమట్టి వాకిలి, పొడుగాటి వరండా ఉండేవి. తెల్లారేసరికి వరండా నిండేది. బీడీల వాసన, గొంగళ్ళ వాసన, రాత్రంతా బస్సులో కూర్చున్న ఒంటి వాసన, వాటన్నిటి మీదుగా అమ్మ పెద్ద గిన్నెలో మరిగించే అల్లం చాయ్ వాసన. స్టీలు గ్లాసులు అందించడం నా పని. ఎవరిని కదిపినా ఒకటే మాట: బోరు. మా ఊరికి బోరెప్పుడు వేస్తరు, వేసిన బోరు ఎండింది ఇంకోటి ఎప్పుడు, మంజూరైన బోరుకు బండి ఎప్పుడొస్తది. ఇప్పుడు జనం వాట్సాప్‌లో అర్జీలు పెడుతున్నారు. చాయ్ ఖర్చు లేదు, వాసనా లేదు.

నాయనకు సభలో అన్నిటికన్నా ఇష్టం ప్రశ్నల సమయం. "ఉపన్యాసం ఎవడన్న ఇస్తడు. ప్రశ్న అడుగుడే కష్టం" అనేవాడు. సభ్యుడు ప్రశ్నను (అ), (ఆ), (ఇ) అని ముక్కలు చేసి ముందే రాసి పంపుతాడు. మంత్రి సభలో లేచి జవాబు చెబుతాడు. ఆ జవాబును పట్టుకుని సభ్యుడు అప్పటికప్పుడు అనుబంధ ప్రశ్న వెయ్యాలి. తమాషా అంతా అక్కడే. మంత్రి జారిపోవాలని చూస్తాడు, సభ్యుడు దొరకబుచ్చుకోవాలని చూస్తాడు. అందుకని సమావేశాలు జరిగే రోజుల్లో మా ఇంట్లో పొద్దున్నే రిహార్సలు ఉండేది. స్నానం చేసి, గంజి పెట్టిన ఖద్దరు చొక్కా పెళపెళలాడుతుండగా, నాయన తువ్వాల భుజాన వేసుకుని ముందుగది మధ్యలో నిలబడేవాడు. మా నాయనమ్మ సభాధ్యక్షురాలు. మంచం మీద బాసింపట్టు వేసుకుని, దేవుడి గంట పక్కన పెట్టుకుని కూర్చునేది. నాయన "అధ్యక్షా!" అనగానే ఆమె ముఖం వెలిగిపోయేది. కన్నకొడుకు అంత మర్యాదగా పిలవడం ఏ తల్లికి దొరుకుతుంది! కాస్త ఎక్కువసేపు మాట్లాడితే గంట కొట్టి "ఇగ సాలు, కూసో. గొంతెండుతది" అనేది. అమ్మను నువ్వే పక్షమని అడిగితే వంటింట్లోంచే "నేనెప్పుడు ప్రతిపక్షమే. ముందుగాల ఉప్పు తెచ్చిన్రా లేదా, దానికి జవాబు చెప్పున్రి" అనేది. ఇక మంత్రికి ఒక ఇనుప మడత కుర్చీ. మొదట్లో ఆ కుర్చీ నాది.

ఎన్నాళ్ళో నిలవలేదు. నాయన సభలో ప్రభుత్వ రంగ సంస్థల కమిటీలో ఉండేవాడు. సర్కారు సొమ్ముతో నడిచే సంస్థలు ఏం చేస్తున్నాయో, ఏం చెయ్యడం లేదో పిలిచి అడిగే కమిటీ అది. ఆయన ప్రశ్నలన్నీ వాటి చుట్టూనే తిరిగేవి. అందులోనూ ఊళ్ళల్లో బోర్లు వేసే ఒక సంస్థ ఆయనకు పంటికింద రాయిలా తయారైంది. "ఆ సంస్థ యంత్రాలు చాలావరకు మూలకు పడి ఉన్న మాట వాస్తవమేనా?" అని ఒకరోజు పొద్దున నన్నడిగాడు. నేను మంత్రిని. జారిపోవాలి. కానీ కిటికీలోంచి వరండా కనిపిస్తోంది, అందులో కూర్చున్న వాళ్ళంతా బోరు బండి కోసం తిరిగి తిరిగి చెప్పులరిగినవాళ్ళు. పైగా ఎదురుగా ఉన్నది మా నాయన. "అవు నాయినా, నిజమే. మస్తు పడ్డయి" అన్నాను. నాయన పగలబడి నవ్వాడు. "నువ్వు మంత్రివి కావు బిడ్డా, సాక్షివి! గిట్ల ఒప్పుకుంటే నేనింక ఏమడగాలె?" అన్నాడు. వరండాలో వాళ్ళు కూడా నవ్వారు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో సుభద్ర నిలబడి ఉంది. మా వెనకవాటాలో కొత్తగా కిరాయికి దిగిన కోస్తావాళ్ళ అమ్మాయి. వాళ్ళ నాన్నకు మందుల కంపెనీలో ఉద్యోగం. నా ఈడుదే, నా తరగతే. పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. వచ్చిన పని చూసుకుని పోవచ్చు కదా! "బాబాయిగారూ, నేను చెప్పనా?" అంది. గిన్నె చేత్తో అలాగే పట్టుకుని, గొంతు సవరించుకుని, "అధ్యక్షా, గౌరవ సభ్యులు కోరిన సమాచారాన్ని సేకరిస్తున్నాము. అందిన వెంటనే సభ ముందుంచగలము" అంది. వాళ్ళ నాన్న రోజూ పేపరు పైకి చదివేవాడు, అదంతా దీని నోటికి పట్టేసింది. నాయనమ్మ సంబరంగా గంట కొట్టింది. నాయన ఆ పిల్ల వైపు ఒక చూపు చూశాడు. ఊరి నుంచి వచ్చిన రైతు మబ్బు వైపు చూసే చూపు అది. నావైపు అలా ఎప్పుడూ చూడలేదు. "దా బిడ్డా, ఈడ కూసో" అని కుర్చీ చూపించాడు. అందులో నేనున్నాను. లేచాను.

ఆ రోజు నుంచి నేను రాసేదాన్ని. "సభల ప్రతి మాట రాసేటోళ్ళు ఉంటరు అండాలూ. వాళ్ళు లేకుంటే సభనే లేదు" అని నాయన బుజ్జగించి, గోడవార పీట వేసి కూర్చోబెట్టాడు. ఆయన అడిగింది, ఆమె చెప్పింది, నాయనమ్మ గంట, అమ్మ సణుగుడు, అన్నీ రాసేదాన్ని. మీరు రచయిత్రి ఎలా అయ్యారమ్మా అని సాహిత్య సభల్లో అడుగుతుంటారు, నేను ఏవేవో పెద్ద మాటలు చెబుతుంటాను. అసలు సంగతి ఇదీ. కుర్చీ పోయి పీట దక్కింది. సుభద్ర ఎక్కడైనా తడబడుతుందేమో, తడబడితే అక్షరం పొల్లుపోకుండా రాయాలని చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. ఆ పిల్ల తడబడితేగా!

ఆమె రోజురోజుకూ ఆరితేరింది. "పరిశీలనలో ఉందండీ." "ఆ విషయం నా దృష్టికి రాలేదండీ." అన్నిటికన్నా గట్టిది ఇంకొకటి. (అ) ముక్కకు "లేదండి" అనేస్తే, దాని మీద ఆధారపడ్డ మిగతా ముక్కలు వాటంతటవే చచ్చిపోతాయి. అప్పుడు మంత్రి "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని కూర్చుంటాడు. ఆ మాట మా ఇంట్లో ఉప్పూ కారంలా కలిసిపోయింది. పెరుగున్నదా అంటే అమ్మ "లేదండి", ఎందుకు లేదంటే "ప్రశ్న ఉత్పన్నం కాదు". నాయనమ్మకు నోరు తిరగక "పెశ్న పుట్టలే పో" అనేది. నాయన అన్నానికి కూర్చుంటూ "మంత్రిగారు తిన్నరా?" అని వెనకవాటా వైపు కేకేసేవాడు. నేను తిన్నానా అని అడిగిన గుర్తు లేదు. మా నాయనమ్మకు ఒక పట్టింపు ఉండేది. కన్నబిడ్డను ముఖం మీద మెచ్చుకోకూడదు, దిష్టి తగులుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. నాయనను కూడా ఆమె అలాగే పెంచింది, ఆయన నన్నూ అలాగే పెంచాడు. పరాయి పిల్లకు ఆ పట్టింపు లేదు కదా, అందుకని మెచ్చుకోళ్ళన్నీ అటే పారేవి. "శెబాష్ మంత్రిగారూ!", "ఏం దెబ్బ కొట్టినవ్ బిడ్డా!" నేను పీట మీద కూర్చుని అవి కూడా రాసేదాన్ని. అమ్మ మాత్రం చాటుగా "పొరుగింటి పుల్లకూర రుచి" అనేది. ఆ మాట ఒక్కటే నా కడుపు చల్లబరిచేది. వాళ్ళ నాన్నకు బదిలీ కావాలని కర్మన్‌ఘాట్ అంజన్నకు కొబ్బరికాయ మొక్కుకున్నాను. అద్దం ముందు నిలబడి "సమాచారం సేకరిస్తున్నాము" అని ఎన్నోసార్లు అని చూసుకున్నాను. ప్రతిసారీ నాకే నవ్వొచ్చేది, తర్వాత ఏడుపొచ్చేది.

మీర్‌పేట్‌లో అమ్మకు చిన్నమ్మ ఒకామె ఉండేది. ఆమెను చూడ్డానికి నేనూ అమ్మా వెళ్ళాం. అప్పటికి అటు ఇన్ని ఇళ్ళు లేవు. చెరువు కట్ట దిగి అడ్డదారిన వస్తుంటే, తుమ్మచెట్ల మధ్య ఖాళీ జాగాలో ఒక బోరు బండి కనిపించింది. టైర్లు భూమిలోకి దిగిపోయాయి. తలుపు మీద ఆ సంస్థ పేరు సగం తుప్పులో కలిసిపోయింది. నిలువుగా లేచిన ఇనుప స్తంభం మీదికి ఎవరో సొరతీగ ఎక్కించారు. పైదాకా అల్లుకుని, తెల్లగా పూసి, లేత నిగనిగలాడే సొరకాయలు వేలాడుతున్నాయి. ఒక ముసలవ్వ కట్టెతో కాయలు దింపుతోంది. "ఇది ఎవరి బండి అవ్వా?" అని అడిగాను. "సర్కారుదే బిడ్డా. పోయిన వానకాలం సంది ఈడనే ఉన్నది. నా సొరపాదుకు మంచిగ పందిరైంది. నువ్వు గూడ ఓ కాయ తీస్కపో" అని చేతిలో పెట్టింది. ఆ రాత్రి అమ్మ సొరకాయ పులుసు చేసింది. తింటూ తింటూ చెప్పాను. నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నీ కండ్లతోని చూసినవా?" అన్నాడు. "ఈ పులుసు గా కాయదే" అన్నాను. కాసేపు నన్నే చూసి, "రాయి బిడ్డా. ఈ ప్రశ్న నువ్వే రాయి. మంచిగుంటే సభల ఏస్త" అన్నాడు. నేను చెయ్యి కడుక్కుని కాగితం వెతుక్కున్నాను.

ఆ రాత్రంతా కూర్చుని రాశాను. తెల్లారి నాయన నా ప్రశ్ననే చదివాడు: "అధ్యక్షా, (అ) మీర్‌పేట్ చెరువు వద్ద సంస్థకు చెందిన బోరు యంత్రం పనిచేయక పడి ఉన్న మాట వాస్తవమేనా? (ఆ) అయితే కారణాలేమిటి? (ఇ) ఎప్పుడు బాగుచేయిస్తారు?" సుభద్ర కుర్చీలోంచి లేచి, తాపీగా లంగా సర్దుకుని, "(అ) లేదండి. పడి లేదు, మరమ్మతు నిమిత్తం నిలిపి ఉంచాము. (ఆ), (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు" అని కూర్చుంది. మూడు ముక్కలూ ఒక్క దెబ్బకు పోయాయి. నాయనమ్మ గంట కొట్టింది. అప్పుడా పిల్ల నావైపు తిరిగి, "ఆండాళ్ళూ, అవునా కాదా అని అడగకూడదు. పోయిన వానాకాలం నుంచి ఆ యంత్రం ఏయే ఊళ్ళల్లో ఎన్ని బోర్లు వేసిందీ అని అడుగు. అప్పుడు లేదండి అన్నా దొరికిపోతాడు" అంది. మేలు చేస్తున్నట్టే చెప్పింది, అదే నాకు మరీ మండింది. నాయన తొడ చరిచి "గదీ మాట!" అన్నాడు. ఆమె చెప్పినట్టే ప్రశ్న తిరగరాశాడు, పంపాడు. సభలో ప్రశ్న వచ్చే రోజు కూడా ఖాయమైంది.

ఆ రోజు నన్ను సభలో చూడవచ్చినవాళ్ళు కూర్చునే గ్యాలరీకి తీసుకుపోతాడని అమ్మ నా పట్టు లంగాఓణీ ఇస్త్రీ చేసి పెట్టింది. నేను తలకు పోసుకుని, రెండు జడలు వేసుకుని, పువ్వులు కూడా పెట్టుకున్నాను. నాయన చెప్పులు తొడుక్కుంటూ, "పాసు ఒక్కటే దొరికింది. మంత్రిగారిని తోల్కపోత. అసలు మంత్రి ఏం చెప్తడో, తను చెప్పినదానికి ఎంత తేడా ఉన్నదో ఆ పిల్ల చూడాలె" అన్నాడు. వంటింట్లో గరిటె కింద పడింది. అమ్మ బయటికొచ్చింది. "కన్నపిల్ల ఇంట్ల, కిరాయోళ్ళ పిల్ల గ్యాలరీలనా? ఇదేం నాయం?" అంది. "అండాలుకేంది, నా బిడ్డ. ఎప్పుడన్న వస్తది" అన్నాడు నాయన. ఇద్దరూ గేటు దాటి బస్టాపు వైపు నడిచిపోయారు, నేను పువ్వులు తీసి తులసికోట మీద పెట్టాను. ఆ "ఎప్పుడన్న" ఇంతవరకూ రాలేదు. తర్వాతి ఎన్నికల్లో నాయన ఓడిపోయాడు. నా అంతట నేను పోవాలనుకుంటే పాసు ఇప్పించేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు, కానీ పోను. పంతం.

సాయంత్రం తిరిగొచ్చి సుభద్ర సభ మొత్తం ఆడి చూపించింది. నాయన "రాసుకో అండాలూ" అన్నాడు. ఊహించండి, నేను పోని సభను ఆమె నోటి నుంచి నేను రాసుకోవాలి! ఒక్క బోరూ వేయలేదని, యంత్రం మరమ్మతులో ఉందని మంత్రి చెప్పాడట. నాయన అనుబంధ ప్రశ్నకు లేచి, "అధ్యక్షా, బోర్లు వేయలేదు సరే. ఆ యంత్రానికి సొరకాయలెన్ని కాసినయో మంత్రిగారు చెప్తరా?" అన్నాడట. సభ గొల్లుమందట, మంత్రి కూడా నవ్వాపుకోలేకపోయాడట. సొరకాయలు అన్నచోట నా కలం ఆగిపోయింది. అవి నావి. నేను చూసినవి, నేను అడిగి తెచ్చినవి, మా అమ్మ వండినవి.

తర్వాత కమిటీయే మీర్‌పేట్ వెళ్ళింది. తనిఖీకి పోయిన చోట నాయన మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు, అమ్మ ఫ్లాస్కులో చాయ్ పోసి పంపేది. ఫ్లాస్కు కడగడం, మూత బిగించడం నా వంతు. ఆ సంస్థ వాళ్ళు ముందురోజే తీగ పీకించేశారట. కానీ ఎండిన నులితీగలు బోల్టులను చుట్టుకుని అలాగే ఉన్నాయట. నాయన వేలితో చూపిస్తుంటే ఆ అవ్వ వచ్చి, "నా పందిరి పీకిచ్చింది ఎవరయ్యా? పాదు నిండ పిందెలుండె" అని కమిటీనే నిలదీసిందట. ఇక చెప్పేదేముంది! బండి బాగుపడింది, మా వరండాలో కూర్చున్న వాళ్ళ ఊళ్ళకే ముందుగా పోయింది. నీళ్ళు పడ్డ రోజు వాళ్ళు మిఠాయి పొట్లాలతో వచ్చారు. నాయన మొదటి పొట్లం తీసి, "ఇది మంత్రిగారి చలవ, ముందు ఆమెకు ఇయ్యున్రి" అని వెనకవాటాకు పంపించాడు. పంపింది ఎవరితోననుకున్నారు? నాతోనే.

అంజన్న మొక్కు ఆలస్యంగా ఫలించింది. వాళ్ళ నాన్నకు బదిలీ అయి సామాన్లు లారీకెక్కుతుంటే నాయన గేటు పట్టుకుని నిలబడిపోయాడు. నేను కుర్చీ మడత విప్పి కూర్చున్నాను. కానీ ఆ తర్వాత నాయన ఇంట్లో రిహార్సలే మానేశాడు.

అమ్మ పోయాక నాయన చంపాపేట్‌లో మా ఇంటికి వచ్చేశాడు. చివరి నెలల్లో మంచం మీదే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం అన్నం తినిపిస్తుంటే చెయ్యి పైకెత్తి, "అధ్యక్షా!" అన్నాడు. గొంతులో ఆనాటి బిరుసు సగమైనా ఉంది. "బోరు బండ్లు ఎన్ని నడుస్తున్నయ్, ఎన్ని ఆగినయ్?" అన్నాడు. నేను గిన్నె కింద పెట్టాను. ఇన్నేళ్ళకు మంత్రి పదవి నన్ను వెతుక్కుంటూ వచ్చింది! వెన్ను నిటారుగా పెట్టి, "అధ్యక్షా, సమాచారం సేకరిస్తున్నాము" అన్నాను, ఏమాత్రం తడబడకుండా. నాయన వెంటనే, "ఎవరు సేకరిస్తున్నరు? వాళ్ళ పేరేంది?" అన్నాడు. నేను మళ్ళీ అన్నం గిన్నె అందుకున్నాను. ఆయన తల దిండు మీదికి వాల్చి, నిస్పృహగా కాదు, చాలా ప్రేమగా నవ్వుకుంటూ, "సుభద్రయితే గిట్ల దొరకకపోతుండె" అన్నాడు. తర్వాత రెండు మూడు సార్లు అలాగే అడిగాడు, ప్రతిసారీ నేను దొరికిపోయాను, ప్రతిసారీ ఆ పేరే అన్నాడు. మూతి తుడిచింది నేను, మందులు వేసింది నేను, పేరు మాత్రం ఆమెది.

చెప్పిన రోజుకే సుభద్ర వచ్చింది. ఎల్‌బీనగర్‌లో మెట్రో దిగి ఆటోలో వచ్చిందట. జుట్టంతా తెల్లబడింది, రంగు వేసుకోలేదు, అదీ ఆమెకు అందంగానే ఉంది. నాది వేసుకున్నది. నాయన ఫోటో ముందు చాలాసేపు నిలబడి, వచ్చి కూర్చుంది. మా కోడలు చాయ్ ఇచ్చింది. అవీ ఇవీ మాట్లాడాక, గ్లాసు వైపు చూస్తూ, "బాబాయిగారు నన్నెప్పుడైనా తలచుకున్నారా, ఆండాళ్ళూ?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. ముఖంలో మెల్లగా నవ్వు పాకింది. "అంత గబుక్కున లేదండి అనకూడదు. ముందు సమాచారం సేకరిస్తున్నామనాలి. నీకు ఎప్పటికీ రాదు" అంది. నాకు చెంపలు కాలిపోయాయి. రెట్టించి అడగలేదు, చాయ్ తాగింది. తర్వాత మా కోడలితో, "మీ అత్తగారి సొరకాయల కథ తెలుసా అమ్మా?" అని మొదలుపెట్టింది. అంతా సరిగ్గానే చెప్పింది. తీగ చూసింది నేనేనని, ప్రశ్న నాదేనని, తను ఒక ముక్క మార్చిందంతేనని. "ఆ రోజు గ్యాలరీ నుంచి వస్తూ బస్సులో బాబాయిగారితో అన్నాను, ఇది ఆండాళ్ళు ప్రశ్న కదండీ, దాన్ని తీసుకురావలసింది అని. ఆయనేమన్నారో తెలుసా? నాకెర్క బిడ్డా, గా చూపు అండాలుది, గట్ల చూసే కండ్లు నాకు లేవు, నీకు లేవు అన్నారు. ఇంటికి పోయినంక దానికి చెప్పకు, దిష్టి తగుల్తది అన్నారు. నేను చెప్పలేదు. ఇప్పుడు ఆయన లేరు కదా, చెప్పొచ్చనుకున్నా" అంది. ఆమె నోట్లో మా నాయన యాస చక్కగా పలికింది.

కోడలు నావైపు మెరుస్తున్న కళ్ళతో చూసింది. నేను సంతోషపడతానని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. నాకు సంతోషం కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. నా కళ్ళ గురించి మా నాయన అన్న ఒకే ఒక్క మంచి మాట, అది కూడా బస్సులో, కిటికీ పక్క సీట్లో, ఆమెకు చెప్పాడు! ఇన్నేళ్ళూ అది ఆమె దగ్గర భద్రంగా ఉంది. నేను ఎన్ని పుస్తకాలు రాసి ఆయన చేతిలో పెట్టాను, ఎన్నిసార్లు ఆయన పేజీలు తిప్పుతుంటే గుమ్మంలో నిలబడ్డాను. "మంచిగనే ఉన్నది" అనేవాడు, అంతే. దిష్టి తగిలితే తగిలేది, ఆయుష్షులో నాలుగేళ్ళు పోతే పోయేవి, నా ముఖం మీద ఒక్కసారి అని ఉండాల్సింది.

సుభద్ర లేచింది. ఆటో వచ్చింది. గేటు దాకా వెళ్ళాను. ఆమె ఒక కాలు ఆటోలో పెట్టింది. చెప్పకుండా పంపేద్దామనే అనుకున్నాను, ఇది ఒక్కటైనా నా దగ్గర ఉండనీ అనుకున్నాను. కానీ ఆమె తన దగ్గరున్నది తీసి ఇచ్చేసింది, ఇప్పుడు నేను ఇవ్వకపోతే ఆమెదే పైచెయ్యి అవుతుంది. అది ఇంకా భరించలేను.

"సుభద్రా" అన్నాను. "అనుబంధ ప్రశ్న అడగవా?"

ఆమె ఆగిపోయింది. "ఏమన్నారు?" అంది, చాలా చిన్న గొంతుతో.

"నన్ను మంత్రిని చేసి అడిగిండు. నేను దొరికిపోయిన. సుభద్రయితే గిట్ల దొరకకపోతుండె అన్నడు. ఒక్కసారి కాదు."

ఆమె సీట్లో కూలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి. డ్రైవరు వెనక్కి తిరిగి నావైపు చూశాడు, పోనిమ్మని సైగ చేశాను. ఆటో చంపాపేట్ మెయిన్ రోడ్డు ఎక్కేదాకా ఆమె అలాగే ఏడుస్తూ కనిపించింది. నాయన పోయిన రోజు వచ్చేవాళ్ళకు కుర్చీలు, పోయేవాళ్ళకు చాయ్, ఫోన్లు, పూలు, పంతులు, వీటన్నిటి మధ్యా నాకు ఏడవడానికి తీరిక దొరకలేదు. అదీ ఆమెకే దొరికింది.